ప్రకటనల బేరం, పేజర్ పిలుపు

అమెరికాలో మంటలార్పేవాళ్లలో ఎక్కువమందికి అది జీతం వచ్చే ఉద్యోగం కాదు. అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం 2020కి వేసిన అంచనా ప్రకారం దేశం మొత్తం మీద ఫైర్‌ఫైటర్లు సుమారు 10 లక్షల 41 వేల మంది. వారిలో దాదాపు 6 లక్షల 77 వేల మంది వాలంటీర్లు. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు వేరే ఏదో పని చేసుకుని బతుకుతూ, పిలుపు వచ్చినప్పుడు ఆ పని వదిలి పరిగెత్తేవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో 101కు ఫోన్ చేస్తే వచ్చేది ప్రభుత్వ అగ్నిమాపక సిబ్బంది. అమెరికాలోని చిన్న ఊరిలో 911కు ఫోన్ చేస్తే ఫైరింజన్ నడుపుకుంటూ వచ్చేది పక్క వీధి మెకానిక్కో, బడిలో లెక్కలు చెప్పే టీచరో కావచ్చు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా శివారు ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతి మొదటిసారి తెలిసేది, ఊరి ఫైర్ కంపెనీ అనే స్వచ్ఛంద దళం నుంచి విరాళం కోరుతూ ఇంటికి ఉత్తరం వచ్చినప్పుడు.

ఈ వాలంటీర్లలో రైతులున్నారు, వడ్రంగులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. స్థానిక టీవీ స్టేషన్లలో ప్రకటనలు అమ్మే సేల్స్ ఉద్యోగులూ ఉన్నారు. వీళ్ల సంగతి ప్రత్యేకించి చూడదగ్గది. వేళల విషయంలో ఆ ఉద్యోగం ఇచ్చే వెసులుబాటు ఎక్కువ, టార్గెట్ల ఒత్తిడీ ఎక్కువే. వెసులుబాటు అగ్నిమాపక దళానికి కలిసొస్తుంది, ఒత్తిడి అడ్డుపడుతుంది.

ప్రకటనలకూ మంటలకూ ఈ పొత్తు కొత్తది కాదు. అమెరికాలో స్వచ్ఛంద అగ్నిమాపక దళాలకు ఆద్యుడిగా చెప్పుకునే బెంజమిన్ ఫ్రాంక్లిన్ వృత్తిరీత్యా ముద్రాపకుడు. 1729లో పెన్సిల్వేనియా గెజిట్ పత్రికను చేతిలోకి తీసుకుని, వార్తలతో పాటు ప్రకటనలు అచ్చువేసి దాన్ని లాభాల బాట పట్టించాడు. 1735లో అదే పత్రికలో నిప్పు విషయంలో జాగ్రత్తలు చెబుతూ రాశాడు. 1736 డిసెంబరు 7న ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ మొదలైంది. ప్రతి సభ్యుడూ తోలు బకెట్లు, కాలుతున్న ఇంట్లోంచి సామాను దాటించడానికి సంచులు సిద్ధంగా ఉంచుకోవాలి. సభ్యుల సంఖ్యను 30కి పరిమితం చేసుకున్నారు. చేరతామని వచ్చిన మిగతావాళ్లను మీరే ఇంకో కంపెనీ పెట్టుకోండని ప్రోత్సహించారు. నెలవారీ సమావేశానికి రాని సభ్యుడు జరిమానా కట్టాలి. ఆ జరిమానా డబ్బుతోనే ఇంజన్లు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నారు. సొంత వ్యాపారం ఉన్న మనిషి ఊరి పనికి వేళ కేటాయించడం ఎంత కష్టమో ఆ కంపెనీకి మొదట్లోనే తెలుసునని ఈ జరిమానా నియమం చెబుతోంది. మంచి మనసును నమ్ముకుని ఊరుకోకుండా, హాజరుకు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు.

పెద్ద నగరాలు తర్వాత ఈ పద్ధతి వదిలేశాయి. 1853 ఏప్రిల్ 1న సిన్సినాటి నగరం పూర్తిగా జీతాల మీద నడిచే దళాన్ని ఏర్పాటు చేసింది. ఆవిరి యంత్రం రావడంతో చేతిపంపు కొట్టడానికి పదుల మంది అక్కర్లేకపోయింది. జీతమిచ్చి కొద్దిమందిని పెట్టుకోవడం నగరాలకు వీలైంది. చిన్న ఊళ్లకు మాత్రం 24 గంటలూ జీతాలిచ్చి స్టేషన్ నడపడం ఇప్పటికీ శక్తికి మించిన పనే. అందుకే ఫ్రాంక్లిన్ నాటి పద్ధతి అక్కడ అలాగే నిలిచింది.

ఇక టీవీ ప్రకటనల సంగతి. 1941 జూలై 1న న్యూయార్క్ స్టేషన్ డబ్ల్యూ.ఎన్.బి.టి.లో ఒక బేస్‌బాల్ ఆటకు ముందు బులోవా గడియారాల కంపెనీ ప్రకటన కొద్ది సెకన్లపాటు వచ్చింది. అమెరికాలో లైసెన్సుతో ప్రసారమైన మొట్టమొదటి టీవీ వాణిజ్య ప్రకటన అదే. దానికైన ఖర్చు 9 డాలర్లని చెబుతారు. ఆ తర్వాత వ్యాపారం ఎంత పెరిగినా మూలసూత్రం మారలేదు: స్టేషన్ అమ్మేది కాలాన్ని. సాయంత్రం ఆరు గంటల వార్తల మధ్య ఉన్న 30 సెకన్ల స్పాట్ ఆరు దాటేలోపు అమ్ముడుపోకపోతే, పొద్దుగూకాక పూలకొట్టులో మిగిలిన పూలతో సమానం. మర్నాటికి దాచుకోవడం కుదరదు.

రేటింగులు కొలిచే నీల్సన్ సంస్థ అమెరికాను 210 టీవీ మార్కెట్లుగా విభజించింది. ఒక్కో మార్కెట్లో ఎన్నో కౌంటీలు ఉంటాయి. న్యూయార్క్ మార్కెట్టయితే న్యూజెర్సీలోకీ కనెటికట్‌లోకీ విస్తరించి ఉంటుంది. ఆ మార్కెట్లోని వీక్షకుల్లో నూటికి ఒకరు చూస్తే ఒక రేటింగ్ పాయింటు. ఒక పాయింటుకు ఎంత ధర అన్నదాని చుట్టూ బేరం నడుస్తుంది. స్థానిక సేల్స్ ఉద్యోగి కార్ల డీలర్లు, ఫర్నిచర్ దుకాణాలు, ఆసుపత్రులు, లాయర్లు, ఇంటి పైకప్పులు వేసే కాంట్రాక్టర్ల చుట్టూ తిరుగుతాడు. చాలా స్టేషన్లలో అతని రాబడిలో పెద్ద భాగం కమీషనే. స్పాట్ అమ్మగానే పని తీరదు. ప్రకటన చెప్పిన వేళకు రాకపోయినా, హామీ ఇచ్చిన రేటింగు అందకపోయినా, దానికి బదులు ఇంకో స్పాట్ ఇప్పించాలి. ఎక్కువ ధర ఇచ్చేవాళ్లు వచ్చి తక్కువ ధరకు కొన్నవాడి స్పాట్‌ను తోసేస్తే, ఆ కబురు కొన్నవాడికి చెప్పి నచ్చజెప్పాల్సిందీ ఇతనే. ఈ ఉద్యోగంలో ఫోన్ మోగినప్పుడు ఎత్తకపోవడం నష్టం.

ఫైర్ కంపెనీలో చేరడానికి ఉత్సాహం ఒక్కటే చాలదు. కాలుతున్న భవనంలోకి వెళ్లే అర్హత కోసం రాష్ట్రాన్ని బట్టి మామూలుగా 100 నుంచి 200 గంటల దాకా ప్రాథమిక శిక్షణ ఉంటుంది. వాలంటీర్లకు ఆ తరగతులు వారం మధ్య రాత్రుళ్లూ, శని ఆదివారాలూ నెలల తరబడి సాగుతాయి. చేరాక వారం వారం డ్రిల్లు ఉంటుంది. పరికరాల తనిఖీ, గొట్టాలు కడిగి ఆరబెట్టడం, చందాల కోసం పాన్‌కేక్ ఫలహారాల విందులు అదనం. ఒంటి మీద వేసుకునే కోటు, ప్యాంటు, బూట్లు, హెల్మెట్, వీపున గాలి సిలిండరు అన్నీ కలిపి 20 కిలోల పైచిలుకు బరువు. ముఖానికి తొడిగే మాస్కు అంచు చర్మానికి బిగుతుగా అతుక్కోవాలి కాబట్టి గడ్డం పెంచకూడదు.

ఇంత శిక్షణా నిమిషాలతో పందెం కోసమే. వెనకటి ఇళ్లలో సామాను చెక్క, దూది, ఉన్ని. ఇప్పటి సోఫాల్లో పాలియురెథేన్ ఫోము, సింథటిక్ బట్ట. పరిశోధన సంస్థ యూఎల్ రెండు గదులు కట్టి, ఒకదాంట్లో పాతకాలం సామాను, ఇంకోదాంట్లో ఇప్పటి సామాను పెట్టి నిప్పంటించి చూసింది. పాత గది అంతా ఒక్కసారిగా భగ్గుమనడానికి సుమారు అరగంట పట్టింది. కొత్త గదికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. వాలంటీరు పేజర్ విని, కారెక్కి, స్టేషన్‌కు చేరి, ఇంజన్‌తో బయల్దేరేసరికి ఆ నాలుగు నిమిషాలూ దాటిపోవచ్చు. జాతీయ అగ్ని రక్షణ సంఘం స్వచ్ఛంద దళాల కోసం రాసిన 1720 అనే ప్రమాణం ఈ వాస్తవాన్ని లెక్కలోకి తీసుకుంది. పల్లె ప్రాంతాల్లో కనీసం 6 మంది 14 నిమిషాల్లో, శివారు ప్రాంతాల్లో 10 మంది 10 నిమిషాల్లో, పదింట ఎనిమిదిసార్లైనా ఘటనాస్థలంలో ఉండాలంటుంది. పైగా ఇద్దరు లోపలికి వెళ్లాలంటే, వాళ్లను కాపాడటానికి ఇంకో ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలన్నది నియమం. లోపల మనిషి చిక్కుకున్నాడని తెలిసినప్పుడే దానికి మినహాయింపు. ముగ్గురే వస్తే మామూలు మంటలో ఎవరూ లోపలికి వెళ్లడానికి లేదు.

సరిగ్గా ఇక్కడే టీవీ సేల్స్ ఉద్యోగి విలువ తెలుస్తుంది. స్వచ్ఛంద దళాలకు రాత్రుళ్లు మనుషుల కొరత అంతగా ఉండదు, అందరూ ఇళ్లలోనే ఉంటారు. కష్టమంతా వారం మధ్యలో పగటి పూట. ఉద్యోగాలు నగరాలకు తరలిపోయాక, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా చాలా ఊళ్లలో వయసులో ఉన్న మనుషులు మిగలరు. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగితే వచ్చేవాళ్లు రిటైరైనవాళ్లు, పంచాయతీ సిబ్బంది, సొంత దుకాణాలవాళ్లు. గడియారం చూసి కార్డు కొట్టే ఫ్యాక్టరీ కార్మికుడు మెషీన్ వదిలి రాలేడు. తరగతి మధ్యలో టీచరు రాలేడు. ఊళ్లోనే కార్ల డీలర్ దగ్గర కూర్చుని వచ్చే నెల షెడ్యూలు మాట్లాడుతున్న సేల్స్ ఉద్యోగి లేచి రాగలడు. అతను ఎన్ని గంటలు కుర్చీలో కూర్చున్నాడని ఎవరూ లెక్కపెట్టరు, నెలాఖరుకు ఎంత అమ్మాడన్నదే లెక్క.

కానీ ఆ ఉద్యోగి పని చేసే మార్కెట్ పది కౌంటీలు, అతని ఫైర్ కంపెనీ హద్దు ఒక్క ఊరు. ఆ పగలు అతను 60 మైళ్ల అవతల క్లయింట్ ఆఫీసులో ఉంటే దళానికి ఉపయోగం లేదు. అందుకని ఊరికి దగ్గర క్లయింట్లను ఒకే రోజుకు కుదుర్చుకోవడం, ఫోన్ పనీ ప్రపోజల్ రాతపనీ ఇంటి దగ్గర చేసుకోవడం తెలివైన ఏర్పాటు. 2020 తర్వాత ఇంటి నుంచి పని చేయడం మామూలైపోయాక ఇది ఇంకా సులువైంది. ఈ ఒక్క మార్పు చాలా చిన్న దళాలకు పగటి మనుషులను తెచ్చిపెట్టగలదు. కొత్త సభ్యుల కోసం వెతికే అధికారులు ఊళ్లో ఇలా ఇంటి నుంచి పని చేసేవాళ్లెవరో ముందుగా ఆరా తీయడం మంచిది.

ఘర్షణ అంతా క్యాలెండర్ దగ్గర వస్తుంది. రేటింగుల కొలతకు ఫిబ్రవరి, మే, జూలై, నవంబరు నెలలు ముఖ్యమైనవి. వాటి చుట్టూ ధరలు తేలతాయి. మూడు నెలలకోసారి టార్గెట్ లెక్క తేలుతుంది. సరిసంఖ్య సంవత్సరాల్లో ఎన్నికలు. ప్రైమరీకి ముందు 45 రోజులు, అసలు ఎన్నికకు ముందు 60 రోజులు అభ్యర్థులకు స్టేషన్‌లోని అతి తక్కువ ధరకే స్పాట్ ఇవ్వాలని చట్టం. అభ్యర్థులు కాని రాజకీయ బృందాలకు ఆ రాయితీ లేదు, వాళ్లు మార్కెట్ ధర ఎంతైనా పెట్టి కొంటారు. ఈ రెండు తాకిళ్ల మధ్య రోజువారీ ప్రకటనదారుల స్పాట్లు ఎగిరిపోతుంటాయి. సేల్స్ ఉద్యోగికి అక్టోబరంతా సర్దుబాట్ల ఫోన్లతోనే గడుస్తుంది. ఫైర్ కంపెనీకి కూడా అక్టోబరే తీరిక లేని నెల. 1871 అక్టోబరు నాటి షికాగో మహాగ్నిప్రమాదం జ్ఞాపకంగా అక్టోబరు 9 ఉన్న వారంలో అగ్ని నివారణ వారోత్సవం జరుపుతారు. 1922 నుంచి నడుస్తున్న ఆ వారంలో బడులకు వెళ్లి పిల్లలకు పాఠాలు చెప్పాలి, స్టేషన్ తలుపులు తెరిచి ఊరికి చూపించాలి.

ఈ చిక్కుకు అప్పటికప్పుడు దొరికే పరిష్కారం లేదు. ముందే మాట్లాడుకున్న ఒప్పందాలే ఇక్కడ పనిచేస్తాయి. సేల్స్ మేనేజరుతో ఒక మాట: ఏ రకం పిలుపులకు మీటింగు వదిలి వెళ్లడం, ఏ రకానికి వెళ్లకపోవడం. అమెరికాలో ఫైర్ డిపార్ట్‌మెంట్లకు వచ్చే పిలుపుల్లో నిజమైన మంటలు నూటికి నాలుగైదుకు మించవు. ఎక్కువ భాగం వైద్య సహాయం, రోడ్డు ప్రమాదాలు, ఉత్తుత్తి అలారాలు. ఇంట్లో మంట అన్నప్పుడే పని వదిలి వెళ్లడం, అలారం మోగిందంటే డ్యూటీలో ఉన్నవాళ్లకు వదిలేయడం సమంజసమైన గీత. ఫైర్ చీఫ్‌తో ఇంకో మాట: వారంలో ఫలానా రాత్రి, ఫలానా శనివారం పగలు తప్పకుండా తనవంతు. చాలా దళాలు ఇలా ముందే పేరు రాయించుకునే డ్యూటీ పద్ధతికి మారుతున్నాయి. ఎవరు బయల్దేరారో చూపించే ఫోన్ యాప్‌లు కూడా వచ్చాయి. ఒక్క నొక్కుతో వస్తున్నట్టు తెలిపే ఆ సౌకర్యం, రాలేనని చెప్పడాన్నీ గౌరవంగా మార్చింది. రాలేనివాడి కోసం ఇంజన్ ఆగకుండా కదలడం దళానికి ముఖ్యం.

క్లయింట్లతో మాట అన్నిటికంటే సున్నితం. చిన్న ఊళ్లో కార్ల డీలర్‌కు తన సేల్స్ ప్రతినిధి ఫైర్ కంపెనీ సభ్యుడంటే గౌరవమే. మాట మధ్యలో లేచి వెళ్తే ఒకసారి మెచ్చుకుంటాడు, మూడోసారి విసుక్కుంటాడు. అందుకే టీవీ స్టేషన్‌లో తోటి ఉద్యోగి ఒకరికి ఇతని ఖాతాలన్నీ తెలిసి ఉండాలి, ఎప్పుడు పేజర్ మోగినా ఆ పని అందుకోగలగాలి. అమ్మకాల్లో కమీషన్ పంచుకోవడానికి ఎవరికీ ఇష్టముండదు. అయినా ఈ జత లేకుండా రెండు పనులూ నడవవు. ఇంకో చిక్కు విందులది. ఈ వ్యాపారంలో క్లయింట్లతో రాత్రి భోజనాలు, ఆటల పాసులు మామూలు. మద్యం పుచ్చుకున్న సభ్యుడు పిలుపుకు రాకూడదన్నది దళాల్లో గట్టి నియమం. ఒక్క గ్లాసు వైన్‌తో ఆ రాత్రి డ్యూటీ పోయినట్టే.

చట్టం కొంత అండగా ఉంటుంది. పని మొదలవకముందే వచ్చిన పిలుపుకు వెళ్లి ఆలస్యంగా వచ్చిన వాలంటీరును తొలగించకూడదని కొన్ని రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. చీఫ్ సంతకంతో ధ్రువపత్రం చూపించాల్సి రావచ్చు. పనిలో ఉండగా మధ్యలో లేచి వెళ్లడానికి మాత్రం చాలాచోట్ల యజమాని అనుమతే ఆధారం. న్యూయార్క్‌లో వాలంటీరు తన సొంత కారుకు నీలం లైటు పెట్టుకోవచ్చు. అది దారి ఇమ్మని వేడుకోలు మాత్రమే, సిగ్నల్ దాటే హక్కు కాదు. విధి నిర్వహణలో మరణించిన వాలంటీర్ల కుటుంబాలకు కూడా 1976 నాటి సమాఖ్య చట్టం కింద పరిహారం అందుతుంది.

రెండు పనుల మధ్య దాటకూడని గీత ఒకటుంది. టీవీ స్టేషన్‌లో న్యూస్‌రూమ్ ఒక గోడ అవతల ఉంటుంది. మంట దగ్గర ఈ ఉద్యోగి చూసినవి, విన్నవి, రిపోర్టరుకు బంగారం లాంటి సమాచారం. వాటిలో ఒక్క ముక్క కూడా అతని ద్వారా అటు వెళ్లకూడదు. ఫొటో తీయకూడదు, పేరు చెప్పకూడదు. కాలిపోయిన ఇంటివాళ్లు అతన్ని లోపలికి రానిచ్చింది ఫైర్‌ఫైటరుగా. విలేకరులకు వివరాలు చెప్పే అధికారం చీఫ్‌కో, దళం నియమించిన ప్రతినిధికో ఉంటుంది. అలాగే ఇల్లు కాలిన కుటుంబం పేరు పైకప్పుల కాంట్రాక్టరు క్లయింట్‌కు చేరవేయడం ఘోరమైన తప్పు. దళానికి విరాళం ఇస్తే మంచి స్లాట్ చూస్తానన్న సూచన కూడా అంతే. ఈ విషయంలో మెత్తదనానికి తావు లేదు.

గీతకు ఇవతల ఉపయోగపడేవి చాలా ఉన్నాయి. వాలంటీర్ల సంఖ్య 1984లో దాదాపు 9 లక్షలు ఉండేది. అప్పటి నుంచి జనాభా పెరిగినా వాళ్ల సంఖ్య తగ్గింది. కొత్తవాళ్లను రప్పించడం ఇప్పుడు ప్రతి దళానికీ మొదటి పని. ఎవరికి, ఏ వేళ, ఎన్నిసార్లు చెబితే మనసుకెక్కుతుందో ప్రకటనలు అమ్మేవాడికి తెలిసినంతగా చీఫ్‌కు తెలియదు. అమ్ముడుపోని వేళలను స్టేషన్లు ప్రజాహిత ప్రకటనలకు ఇవ్వడం పాత అలవాటే. అడవి మంటల గురించి హెచ్చరించే స్మోకీ బేర్ ప్రచారం 1944 నుంచి అలా దానంగా వచ్చిన చోటుతోనే నడుస్తోంది. పొగ అలారం బ్యాటరీ మార్చమని చెప్పే ముప్పై సెకన్లు ఊళ్లో ఒక ఇల్లు నిలబెట్టగలవు.

ఒళ్లు పడే శ్రమను తేలిగ్గా తీసుకోకూడదు. విధిలో ఉండగా సంభవించే ఫైర్‌ఫైటర్ల మరణాలకు ఒక ప్రధాన కారణం గుండె ఆగిపోవడం. కూర్చుని, కారు నడుపుతూ, హోటల్ భోజనాలు చేస్తూ గడిపే సేల్స్ ఉద్యోగికి ఈ హెచ్చరిక ఇంకాస్త ఎక్కువ వర్తిస్తుంది. ఏటా వైద్య పరీక్ష, రోజూ వ్యాయామం శిక్షణలో భాగమే. ఫైర్‌ఫైటర్ వృత్తిలో ఎదురయ్యే పదార్థాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో నిర్ధారించింది. మసి పట్టిన కోటును కారు డిక్కీలో పడేసుకుని తిరగడం ఒకప్పుడు వాలంటీర్ల అలవాటు. క్లయింట్లనూ పిల్లలనూ ఎక్కించుకునే కారులో ఆ కోటు ఉండకూడదు. దాన్ని స్టేషన్‌లోనే ఉతికి ఉంచాలి, మంట దగ్గర నుంచి రాగానే స్నానం చేయాలి. రాత్రి రెండింటికి లేచి, తెల్లవారి పది గంటలకు ప్రెజెంటేషన్ ఇవ్వాల్సిన రోజు నిద్రలేమితో కారు నడపడం కూడా ప్రమాదమే. ఆ రోజు మీటింగును మధ్యాహ్నానికి జరపగలిగే చనువు క్లయింట్‌తో ఉండాలి. పండగ భోజనం మధ్యలో లేచి వెళ్లే మనిషి ఇంట్లో భార్య లేదా భర్త ఒప్పుకోలు లేకుండా ఈ పని కొనసాగదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఉద్యోగంలో పైకి ఎదిగే దారి. టీవీ సేల్స్‌లో చిన్న మార్కెట్ నుంచి పెద్ద మార్కెట్‌కు, అక్కడి నుంచి ఇంకా పెద్ద నగరానికి మారడమే పదోన్నతి. ఫైర్ కంపెనీలో విలువంతా ఒకే ఊళ్లో పాతుకోవడంలో ఉంది. ఏ వీధి చివర హైడ్రెంట్ ఉందో, ఏ పాత గోదాము కింద నేలమాళిగ ఉందో తెలియడానికి ఏళ్లు పడుతుంది. కొన్ని రాష్ట్రాల్లో దీర్ఘకాలం పనిచేసిన వాలంటీర్లకు చిన్న పింఛను లాంటి పథకం ఉంది. న్యూయార్క్‌లో దానికి ఒక ఏడాది లెక్కలోకి రావాలంటే శిక్షణకు, పిలుపులకు, సమావేశాలకు కలిపి 50 పాయింట్లు తెచ్చుకోవాలి. ఊరు మారితే ఆ లెక్క అక్కడితో ఆగిపోతుంది. అదే మార్కెట్లో ఉండిపోయి పాత క్లయింట్లతోనే ఖాతా పెంచుకున్నవాళ్లకు రెండు పనులూ ఇరవై ఏళ్లైనా సాగుతాయి. బదిలీ మీద వెళ్లినవాళ్ల శిక్షణ ధ్రువపత్రాలు, జాతీయ స్థాయి గుర్తింపు ఉన్నవైతే, చాలా రాష్ట్రాల్లో చెల్లుతాయి. అయినా కొత్త ఊరి కంపెనీలో మళ్లీ పరిశీలన కాలం గడపాలి, ఆ దళం ఇంజన్లు నడపడం నేర్చుకోవాలి, హైడ్రెంట్లు ఎక్కడెక్కడున్నాయో మొదటి నుంచీ తెలుసుకోవాలి.